మొదటిసారి ఎగుమతి చేసే చిన్న యూనిట్లకు నాణ్యతా ధ్రువపత్రాల సాయం: ఒక కారప్పొడి మిల్లు అనుభవం

గుంటూరు శివారులో మాకు చిన్న కారప్పొడి మిల్లు ఉంది. జర్మనీలో కిరాణా దుకాణాలకు సరుకు సరఫరా చేసే ఒక వ్యాపారి మా తేజ రకం పొడి నమూనా చూసి మెచ్చుకున్నారు గానీ, ఆర్డరు ఇచ్చే ముందు రెండు కాగితాలు అడిగారు. ఒకటి మిల్లుకు హెచ్‌ఏసీసీపీ ధ్రువపత్రం (తయారీలో ఆహారానికి హాని ఎక్కడెక్కడ కలగవచ్చో గుర్తించి అదుపు చేస్తున్నామని చూపే పత్రం), రెండోది పంపే ప్రతి లాటుకూ అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పరీక్షా నివేదిక. ఈ రెండింటికీ పెట్టిన ఖర్చులో అధిక భాగం కేంద్ర ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) మంత్రిత్వ శాఖ పథకం ద్వారా మాకు తిరిగి వచ్చింది. మొదటిసారి ఎగుమతి చేసే సూక్ష్మ, చిన్న సంస్థల కోసం 2022 జూన్ 30న ప్రధానమంత్రి ప్రారంభించిన ‘కెపాసిటీ బిల్డింగ్ ఆఫ్ ఫస్ట్ టైమ్ ఎంఎస్ఈ ఎక్స్‌పోర్టర్స్’ పథకం అది. మాలాంటివారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా సాయం ఎంతో చెబుతాను. ఎగుమతి కోసం చేయించిన పరీక్షలకూ నాణ్యతా ధ్రువపత్రాలకూ అయిన ఖర్చులో 75 శాతం గానీ, లక్ష రూపాయలు గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. ఎగుమతి ప్రోత్సాహక మండలిలో సభ్యత్వ నమోదుకు ఇదే 75 శాతం లెక్కన 20,000 రూపాయల వరకు, ఎగుమతి బీమా ప్రీమియానికి 10,000 రూపాయల వరకు వస్తాయి. ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) తప్పనిసరి. మధ్యతరహా సంస్థలకు ఇది వర్తించదు. లెక్క వేసి చూస్తే పరీక్షలు, ధ్రువపత్రాల ఖర్చు సుమారు 1,33,000 రూపాయలు దాటిన దగ్గరనుంచి ప్రతి రూపాయీ మన చేతి నుంచే పోతుంది. ఒక్క ధ్రువపత్రంతో సరిపెట్టుకునే మిల్లుకు ఈ పరిమితి చాలు. రెండు మూడు దేశాలకు వేర్వేరు ధ్రువపత్రాలు కావలసినవారికి మాత్రం చాలదు.

ఈ డబ్బు ఎందుకంత అవసరమో మిరప వ్యాపారంలో ఉన్నవారికి విడమరచి చెప్పనక్కరలేదు. కల్లంలో ఆరబోసిన కాయ మీద అకాల వర్షం పడినా, తేమ పూర్తిగా ఆరకముందే టిక్కీలకు (బస్తాలకు) ఎత్తినా బూజు పుడుతుంది, ఆ బూజు నుంచే అఫ్లాటాక్సిన్ వస్తుంది. ఐరోపా సమాఖ్య మిరపలో బీ1 రకం అఫ్లాటాక్సిన్‌ను కిలోకు 5 మైక్రోగ్రాములకు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములకు మించనివ్వదు. కంటికి కనిపించని ఆ కొలతను తేల్చేది ప్రయోగశాలే కాబట్టి పరీక్ష ఖర్చును తప్పించుకునే దారి లేదు. కేంద్ర సుగంధ ద్రవ్యాల సంస్థ స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులోనే ఉండటం మాకు పెద్ద వెసులుబాటు.

హెచ్‌ఏసీసీపీ తనిఖీకి వచ్చిన ఆడిటరు గారు మొదట పల్వరైజరు (కాయను పొడి చేసే యంత్రం) దగ్గరికే వెళ్లారు. ఇనుప రజను పట్టే అయస్కాంతాన్ని బయటికి తీయించి, దాని అడుగున వేలితో రాసి, అంటుకున్న నల్లటి పొడిని మాకు చూపించి, దీన్ని చివరిసారి ఎప్పుడు తుడిచారని అడిగారు. తుడుస్తూనే ఉన్నాం గానీ రిజిస్టరులో రాయలేదు. ఆ రోజు నుంచి ప్రతి షిఫ్టు చివరా మా మిల్లు మేస్త్రి తేదీ, సమయం వేసి సంతకం పెడుతున్నాడు. తాలు కాయ, తొడిమలు ఏరే చోటుకూ పొడి నింపే చోటుకూ మధ్య గోడ కట్టించాం. మిల్లులో నిజంగా మార్పు తెచ్చింది ఈ తనిఖీయే, పథకం అందించిన అసలు ప్రయోజనం కూడా ఇదేనని నా అభిప్రాయం.

ఇక లోపాల సంగతి. ముందు మనం పూర్తిగా చెల్లించాలి, తర్వాతే ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. సీజన్‌లో కాయ కొనుగోలుకే పెట్టుబడి సరిపోని యూనిట్లు ఈ ఖర్చు కోసం వడ్డీకి తెచ్చుకోవలసి వస్తుంది, ఆ వడ్డీని ఎవరూ తిరిగి ఇవ్వరు. దీనికి తోడు మేము పెట్టుకున్న ఒక కన్సల్టెంటు ధ్రువపత్రం బిల్లును మిల్లు పేరు మీద కాకుండా నా సొంత పేరు మీద రాయించాడు. దరఖాస్తు వెనక్కి వచ్చింది. బిల్లు మార్పించుకోవడానికి నెలన్నర తిరిగాను. ఉద్యమ్ పత్రంలో సంస్థ పేరు ఏ అక్షరాలతో ఉందో అవే అక్షరాలు బిల్లులోనూ, బ్యాంకు ఖాతాలోనూ ఉండేలా మొదటి రోజే చూసుకోవాలని కొత్తవారికి గట్టిగా చెబుతున్నాను.

అదే మంత్రిత్వ శాఖ జెడ్ (జెడ్‌ఈడీ: లోపాల్లేని, పర్యావరణానికి హాని చేయని ఉత్పత్తి) సర్టిఫికేషన్ పథకంలో రాయితీని రుసుములోనే తగ్గిస్తారు: సూక్ష్మ సంస్థలకు 80 శాతం, చిన్నవాటికి 60 శాతం, మహిళల యాజమాన్యంలోని సంస్థలకు పూర్తిగా. విదేశీ కొనుగోలుదారు జెడ్ పత్రాన్ని హెచ్‌ఏసీసీపీకి బదులుగా అంగీకరించరు కాబట్టి అది దీనికి ప్రత్యామ్నాయం కాదు. కానీ చెల్లింపు పద్ధతిలో అదే మేలైనది. కేంద్ర మంత్రివర్గం 2025 నవంబరులో 25,060 కోట్ల రూపాయలతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. నాణ్యత, ప్రమాణాల పాటింపునకు సాయం కూడా అందులో ఉంది. కనీసం ఆ మిషన్ కిందనైనా ప్రభుత్వ వాటాను నేరుగా ప్రయోగశాలకే చెల్లించి, మా వాటా మాత్రమే మా దగ్గర తీసుకోవాలని కోరుతున్నాను. చేతిలో ఖరారైన ఆర్డరు ఉండి, తిరిగి వచ్చేదాకా రెండు మూడు నెలలు లక్ష రూపాయల కోసం ఆగగలిగే యూనిట్లు మాత్రం అంతవరకు ఆగకుండా ఈ పథకానికే దరఖాస్తు చేసుకోవచ్చు.