రైన్‌లో తిరగండి, మోసెల్‌లో పడుకోండి

ఇక్కడ జర్మనీకి వచ్చే చుట్టాలూ స్నేహితులూ దాదాపు అందరూ అడిగేది ఒకటే. వారం సెలవు దొరికింది, కోటలు చూడాలి, కాస్త పచ్చదనం కావాలి, వైన్ కూడా రుచి చూడాలి, ఎటు పోతే బాగుంటుంది అని. సగం మంది అప్పటికే నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట ఫొటో ఫోన్‌లో పెట్టుకుని వస్తారు. అది 1869లో మొదలుపెట్టిన కట్టడం, అందంగా ఉంటుంది, కాదనను, కానీ నిజంగా మనుషులు యుద్ధాలు చేసి, సుంకాలు వసూలు చేసి, చలికి వణుకుతూ బతికిన కోటలు కావాలంటే నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, కారు తీసుకుని పడమటికి పొమ్మంటాను. రైన్, మోసెల్ నదులు, వాటి పక్కనే ఐఫెల్ కొండలు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు మేం వెళ్లింది కూడా అటే. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టదు, నాన్నకి చరిత్ర పిచ్చి, మా ఆవిడకి నడక కావాలి. అందరినీ ఒకే కారులో కూర్చోబెట్టి ఎవరికీ విసుగు రాకుండా తిప్పడం అంటే ఎంత టెన్షనో తెలిసినవాళ్లకి తెలుస్తుంది.

ముందు కారు సంగతి. టూరిస్టుగా వచ్చేవాళ్లు మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఇండియాలోనే తీసుకుని రావాలి. ఇక్కడ నివాసం ఉండేవాళ్లకి మన లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది, తర్వాత థియరీ, డ్రైవింగ్ పరీక్షలు రెండూ రాయాల్సిందే. ఆటోమేటిక్ కావాలంటే బుకింగ్‌లోనే ఆ మాట ఉండాలి, లేదంటే గేర్ల బండి చేతిలో పెడతారు. కారు తీసుకునేటప్పుడు నాలుగు చక్రాల అంచులూ వీడియో తీసి పెట్టుకోండి. మాకు బండి ఇచ్చిన సంస్థ తిరిగి ఇచ్చాక వారానికి ఒక చక్రం మీద గీత ఉందని బిల్లు పంపింది, వీడియో పంపిస్తే మళ్లీ మాట్లాడలేదు. ఆటోబాన్ మీద కార్లకి టోల్ లేదు, అది హాయి. ఇబ్బంది ఊళ్లలోనే. బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి, అది ఎంత చిన్న సందులోంచి వచ్చినా సరే. మన అలవాటు ప్రకారం పెద్ద రోడ్డు మీద ఉన్నాం కదా అని దూసుకుపోతే గొడవే.

మొదటిరోజు విమానం దిగి నేరుగా దూరం పోవద్దు. ఎయిర్‌పోర్టు నుంచి ముప్పావుగంటలో ఎబర్‌బాఖ్ మఠం వస్తుంది. 1136లో సిస్టర్సియన్ శాఖ క్రైస్తవ సన్యాసులు పెట్టిన మఠం, చుట్టూ అడవి, కాస్త పైన స్టైన్‌బెర్గ్ అని రాతిగోడ కట్టిన ద్రాక్షతోట. 1803లో మఠం రద్దయింది, తర్వాత కొంతకాలం జైలుగా కూడా వాడారు, ఇప్పుడు సన్యాసులు లేరు. లోపల ఒక హాలు నిండా ద్రాక్షరసం పిండే పాతకాలపు చెక్క యంత్రాలు ఉంటాయి, ఒక్కో దూలం చూస్తే దీన్ని ఎలా ఎత్తారా అనిపిస్తుంది. ఇంత సాదా కట్టడం, అలంకారం ఏదీ లేదు, అయినా నాన్న అక్కణ్నుంచి కదలనన్నారు. అమ్మ మాత్రం, దేవుడి దగ్గర ఇంత సారా వ్యాపారం ఏంట్రా అంది. ప్రార్థనకి వైన్ కావాలి, మిగిలింది అమ్ముకుని బతకాలి, ఈ లోయల్లో తోటలు చాలావరకు మఠాల చేతిలో పెరిగినవే అని చెప్పాక కూడా ఆవిడ మొహంలో నమ్మకం కనిపించలేదు.

అక్కణ్నుంచి రూడెస్‌హైమ్. అందరూ వెళ్తారు కాబట్టి ఒక గంట చాలు. డ్రోసెల్‌గాసె అనే ఇరుకు సందు పూర్తిగా టూరిస్టు బస్సుల కోసమే బతుకుతోంది, ధరలూ అలాగే ఉన్నాయి. పైన కొండ మీద సెయింట్ హిల్డెగార్డ్ మఠం మాత్రం వదలొద్దు. అక్కడ సన్యాసినులు ఇప్పటికీ తోట సాగు చేసి సొంత వైన్ అమ్ముతారు, కొట్టులో హడావిడి ఉండదు, ముందు నిలబడి చూస్తే కింద రైన్ మొత్తం కనిపిస్తుంది.

రైన్ లోయ గురించి ప్లాన్ వేసేటప్పుడు మ్యాప్ చూసి మోసపోవద్దు. బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా సుమారు 65 కిలోమీటర్లే, కానీ మధ్యలో వంతెన అన్నది లేదు. ఎడమ ఒడ్డున బి9 రోడ్డు, కుడి ఒడ్డున బి42 రోడ్డు, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి పోవాలంటే కార్లు ఎక్కించుకునే ఫెర్రీయే దిక్కు. మన నరసాపురం సఖినేటిపల్లి రేవులో పంటు ఎలాగో ఇదీ అలాగే, టైమ్‌టేబుల్ గొడవ లేదు, వరసలో నిలబడితే వచ్చి ఎక్కించుకుంటుంది, డబ్బులు ఫెర్రీ ఎక్కాక కట్టాలి. కౌబ్ దగ్గర నది మధ్యలో ఓడలా కనిపించే ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్ కోట ఉంది, పడవలు ఆపి సుంకం వసూలు చేయడానికే కట్టింది. దానిలోపలికి వెళ్లాలంటే చిన్న పడవ ఎక్కాలి, లోపల చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, ఒడ్డు మీంచి చూస్తే చాలు. కథల్లో, పాటల్లో పేరున్న లోరెలై రాయి అయితే నిజం చెప్పాలంటే ఒక పెద్ద రాయి.

కోటల్లో లోపలికి టికెట్టు కొనదగ్గవి నా లెక్కలో రెండే. రైన్ మీద మార్క్స్‌బుర్గ్, మోసెల్ పక్కన ఎల్ట్జ్. రైన్ ఒడ్డున ఉన్న కొండకోటల్లో ఎప్పుడూ ధ్వంసం కానిది మార్క్స్‌బుర్గ్. మిగతావి చాలావరకు ఫ్రెంచి సైన్యాలు కూల్చేస్తే 19వ శతాబ్దంలో డబ్బున్నవాళ్లు తమ ఊహ ప్రకారం మళ్లీ కట్టించుకున్నవి, లేదా రైన్‌ఫెల్స్‌లా శిథిలాలు. మార్క్స్‌బుర్గ్‌లో వంటిల్లు, మరుగుదొడ్డి, కవచాల గది అన్నీ చూపిస్తారు, గైడుతోనే వెళ్లాలి, ఇంగ్లిష్ టూర్ల వేళలు ముందే చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఒక హెచ్చరిక. లోపల గుర్రాల కోసం కొండరాతిలోనే చెక్కిన మెట్ల దారి ఉంది, వానపడితే జారుతుంది. అమ్మ సగంలో ఆగిపోయి నాన్నని పంపేసి బయట కూర్చుంది, బయట కూర్చున్నా నది కనిపిస్తుంది కాబట్టి ఆవిడకి పెద్ద నష్టం లేదు.

ఇప్పుడు బస గురించి, ఇదే అసలు విషయం. రైన్ ఒడ్డున, నదికి ఎదురుగా ఉన్న హోటల్లో గది తీసుకోవద్దు. రెండు ఒడ్డులా రైలు పట్టాలు ఉన్నాయి, రాత్రంతా గూడ్సు బళ్లు నడుస్తూనే ఉంటాయి, లోయలో ఆ చప్పుడు కొండకి కొట్టుకుని మళ్లీ వస్తుంది. మేం ఉన్న హోటలు ఫొటోల్లో కిటికీలోంచి కోట కనిపిస్తుందని గొప్పగా పెట్టారు, కనిపించింది కూడా, కానీ ఆ కిటికీ రాత్రి తెరవలేదు, వేసినా అద్దం వణికింది. రిసెప్షన్‌లో అడిగితే బల్ల మీద ఇయర్ ప్లగ్గులు పెట్టాం కదా అన్నారు. కాబట్టి రైన్‌కి ఒక రాత్రి మించి వద్దు, మిగతా రాత్రులన్నీ మోసెల్ వైపు పెట్టుకోండి. రోజుకో ఊళ్లో దిగి, పెట్టెలు మోసి, మళ్లీ ఎక్కించడం వారం ట్రిప్‌లో తెలియకుండానే సగం రోజులు తినేస్తుంది, పెద్దవాళ్లుంటే ఇంకా ఎక్కువ. మోసెల్‌లో దిగువన ఒకచోట, ఎగువన ఒకచోట, అంతే.

ఆ బస కూడా హోటల్ కాదు, వైన్‌గూట్ అనే వైన్ తయారుచేసే ఇళ్లలో. చాలా ఊళ్లలో తోటల వాళ్లే మేడ మీద గదులు అద్దెకిస్తారు, పొద్దున్నే టిఫిన్ కూడా వాళ్లే పెడతారు. ఇందులో లాభం ఏంటంటే తాగిన చోటే పడుకోవచ్చు. ఇక్కడ డ్రైవర్లకి రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.5 ప్రోమిల్, అంటే వెయ్యిలో అర వంతు, 21 ఏళ్ల లోపు వాళ్లకి, కొత్త లైసెన్సు వాళ్లకి సున్నా. ఊరూరా టేస్టింగ్ చేస్తూ కారు నడుపుదాం అనుకునేవాళ్లు ఎవరో ఒకరు రోజంతా మొహం మాడ్చుకుని కూర్చోవాల్సి వస్తుంది. సాయంత్రం కారు పార్క్ చేసి, కిందికి దిగి, ఆ ఇంటాయన పోసే నాలుగైదు రకాలు నిదానంగా చప్పరించడం వేరు. ఇబ్బందులూ ఉన్నాయి. లిఫ్టు ఉండదు, మేం దిగిన ఒక ఇంట్లో సాయంత్రం ఆరు దాటితే తాళంచెవి ఇచ్చే మనిషే లేడు, కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. కింది అంతస్తులో గది కావాలని ముందే రాయండి.

సీసా మీద మాటలు కొన్ని తెలిస్తే మంచిది. ట్రోకెన్ అంటే తీపి లేనిది, ఫైన్‌హెర్బ్ అంటే కాస్త తీపి తగిలేది. కబినెట్, స్పేట్‌లేసె (ద్రాక్ష ఎంత పండాక కోశారో చెప్పే మాటలు) అని ఉండి ట్రోకెన్ లేకపోతే, ఆల్కహాల్ 8, 9 శాతం దగ్గర ఉంటే అది తియ్యగా ఉంటుంది. కారం తినే నోటికి నా ఓటు దానికే. మిరపకాయ బజ్జీతో మోసెల్ రీస్లింగ్ వైట్ వైన్ పెట్టి చూశాక బీరు గుర్తు రాదు. తాగనివాళ్లకి ట్రౌబెన్‌సాఫ్ట్ అడగండి, అదే తోట ద్రాక్షరసం, అమ్మ రోజూ రెండు గ్లాసులు. గుమ్మం ముందు చీపురుకట్ట వేలాడదీసి ఉంటే అది స్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్, అంటే తోట వాళ్లు ఏడాదిలో నాలుగు నెలలకి మించకుండా, 40 సీట్లకి మించకుండా నడుపుకునే చిన్న హోటల్. ఊళ్లో రెస్టారెంట్ల కంటే అక్కడే చవక, రుచి కూడా. శాకాహారులకి చీజ్, బ్రెడ్డు, వేయించిన బంగాళాదుంపలు దొరుకుతాయి కానీ ఆ దుంపల్లో బేకన్ (పందిమాంసం) ముక్కలు కలుపుతారు, "ఓనె ష్పెక్", అంటే బేకన్ లేకుండా, అని గట్టిగా చెప్పాలి. రాత్రి ఎనిమిది, తొమ్మిదికల్లా వంటగది కట్టేస్తారు. ఆదివారం దుకాణాలు మూత. అందుకే ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషన్ దగ్గర ఇండియన్ కొట్లలో పప్పు, పచ్చడి, చిన్న కుక్కర్ సరుకు వేసుకునే బయల్దేరాం.

ఎల్ట్జ్ కోట దగ్గర మాత్రం సమయం పెట్టండి. ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉంది, ఎప్పుడూ కూలలేదు, పాత జర్మన్ 500 మార్కుల నోటు వెనక బొమ్మ అదే. ఒకే కోటలో అన్నదమ్ముల వాటాలు వేరువేరుగా కట్టుకుంటూ పోయారు, అందుకే ఇన్ని బురుజులు, ఇన్ని కప్పులు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టుంటాయి. 1331లో ట్రియర్ ఆర్చిబిషప్పు బాల్డ్విన్ దీన్ని లొంగదీయడానికి ఎదురుగా ఇంకో కోటే కట్టించాడు, దాని గోడలు దారిలో కనిపిస్తాయి. లోపల ఫొటోలు తీయనివ్వరు. పార్కింగ్ నుంచి సుమారు 800 మీటర్లు దిగాలి, పెద్దవాళ్లకి చిన్న బస్సుంది. కాళ్లు బాగుంటే మోసెల్‌కెర్న్ నుంచి వాగు పక్కన అడవిలో నడిచి రండి, కోట చెట్ల మధ్య ఒక్కసారిగా ఎదురుపడుతుంది. పొద్దున్న తెరిచే వేళకే ఉండాలి, పదకొండు దాటితే క్యూ. చలికాలం మూసేస్తారు. మోసెల్ ఒడ్డునే ఉన్న కోఖెమ్ ఊళ్లో కోట దూరం నుంచే బాగుంటుంది. 1689లో ఫ్రెంచివాళ్లు కూల్చినదాన్ని బెర్లిన్ వ్యాపారి ఒకాయన దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత వేసవి విడిదిగా కట్టించుకున్నాడు, లోపల ఉన్నది ఆయన అభిరుచే.

ఎల్ట్జ్ నుంచి అరగంట, ముప్పావుగంట పోతే మరియా లాఖ్. 1093లో మొదలైన మఠం, ఆరు గోపురాలు, బెనెడిక్టైన్ శాఖ సన్యాసులు ఇప్పటికీ ఉంటారు. ఎబర్‌బాఖ్ మ్యూజియం అయితే ఇది బతికున్న మఠం. సాయంత్రం ప్రార్థనకి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, వాళ్లు పాడుతుంటే సారా వ్యాపారం అన్న అమ్మే చివరిదాకా లేవలేదు. పక్కనే ఉన్న చెరువు సుమారు 13 వేల ఏళ్ల కిందట అగ్నిపర్వతం పేలిన చోటు, తూర్పు ఒడ్డున నీళ్లలోంచి ఇప్పటికీ బుడగలు వస్తాయి. చుట్టూ నడిచే దారి సుమారు 8 కిలోమీటర్లు, చదునుగానే ఉంటుంది.

కోఖెమ్ దాటి నది ఎగువకి పోతే బ్రెమ్ దగ్గర కాల్మోంట్ తోట చూడండి, యూరప్‌లో అన్నిటికంటే నిటారైన తోటల్లో ఒకటి. మనిషి నిలబడ్డమే కష్టమైన చోట తీగలు పాతారు, ఆ సీసా ధర ఎందుకంత అని తర్వాత ఎవరూ అడగరు. అక్కడ నది ఎంత వంకర తిరుగుతుందంటే కోఖెమ్, ఎల్లెర్ మధ్య రైలు 4.2 కిలోమీటర్ల సొరంగంలో దాటేసే దూరానికి ఒడ్డు వెంట 20 కిలోమీటర్లు పోవాలి. గూగుల్ చెప్పే టైముకి ఇంకో మూడోవంతు కలుపుకోండి. మ్యోర్స్‌డోర్ఫ్ దగ్గర గైయర్‌లై వేలాడే వంతెన ఉచితం, 360 మీటర్ల పొడవు, కింద వంద మీటర్ల లోతు. నాన్న దాటారు, నేను దాటలేదు. బెర్న్‌కాస్టెల్ కూస్ సాయంత్రం బస్సులు వెళ్లాక బాగుంటుంది. అవతలి ఒడ్డున కూస్‌లో 1458లో పెట్టిన వృద్ధాశ్రమం ఉంది, ఇప్పటికీ నడుస్తోంది, ఇప్పటికీ సొంత ద్రాక్షతోటల వైన్ అమ్ముతోంది. ట్రియర్‌కి ఒక పూట చాలు అంటారు, రోమన్ కట్టడాల మీద ఆసక్తి ఉంటే ఒక రోజు పెట్టండి.

వెళ్లడానికి సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో బాగుంటుంది. కోతలు జరుగుతుంటాయి, ఫెడర్‌వైసర్ అనే సగం పులిసిన కొత్త వైన్ ఆ వారాల్లోనే దొరుకుతుంది, దాంతో ఉల్లిపాయలు వేసి కాల్చిన టార్ట్ పెడతారు. గదులు మాత్రం నెలల ముందే అయిపోతాయి. ఏప్రిల్ చవక, కానీ తీగలు ఎండుపుల్లల్లా ఉంటాయి. ఇండియాకి సీసాలు తీసుకెళ్లేవాళ్లు ఒక్కో మనిషికి 2 లీటర్ల దాకానే డ్యూటీ లేకుండా, అదీ చెకిన్ పెట్టెలో బట్టల మధ్య. మా నాన్న తన వాటాకి కబినెట్లే పెట్టుకున్నారు.