బేలీఫ్ ఇల్లు: లోపలికెళ్లగానే తలెత్తి చూడండి

ఇంగ్లండులో వెస్ట్ ససెక్స్‌లోని సింగిల్టన్ అనే ఊళ్లో వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ లివింగ్ మ్యూజియం ఉంది. పాత ఇళ్లను ముక్కముక్కగా విప్పి తెచ్చి, ఆరుబయట మళ్లీ నిలబెట్టిన చోటు అది. యాభైకి పైగా కట్టడాలున్నాయి. మేం మాత్రం సగం రోజు ఒక్క ఇంట్లోనే గడిపేశాం. నేను కాంక్రీటు భవనాలకు లెక్కలు కట్టే ఇంజినీరుని, నాన్న నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి. ఇద్దర్నీ కదలనివ్వని ఆ ఇల్లు బేలీఫ్ ఫార్మ్‌హౌస్.

ఈ రైతు ఇల్లు మొదట కెంట్‌లోని చిడింగ్‌స్టోన్‌లో ఉండేది. బౌ బీచ్ రిజర్వాయర్ కోసం అక్కడి నుంచి తీసేయాల్సి వచ్చింది. 1968లో మ్యూజియం చేతికొచ్చింది, 1972లో ఇక్కడ మళ్లీ లేచింది. ఇంతింటిని ఎలా విప్పారబ్బా అని నేను ఆలోచిస్తుంటే, నాన్న గుమ్మం పక్కన గుంజకీ దూలానికీ కలిసే చోట వేలు పెట్టి చూపించారు. "ఇనుప మేకు లేదమ్మా, కర్ర చీలలే. చీల కొట్టేస్తే అతుకు ఊడొస్తుంది."

నిజంగా అంతే. ఓక్ దుంగ కొనను నాలుకలా చెక్కి, రెండో దుంగలో తొలిచిన గాడిలో దూర్చి, అడ్డంగా ఓక్ చీల దిగ్గొట్టారు. నాన్న ఇంకో మాట చెప్పారు. ఈ పనిలో రెండు దుంగల్లోని బెజ్జాలను సరిగ్గా ఎదురెదురుగా వేయరట, వెంట్రుకవాసి తప్పించి వేస్తారట. చీల లోపలికి దిగుతున్నకొద్దీ అతుకును దగ్గరికి లాగేస్తుంది. కలప పచ్చిగా ఉండగానే పని చేసి నిలబెట్టేస్తారు, ఎండేకొద్దీ దుంగలు కొద్దిగా మెలి తిరిగి ఒకదాన్నొకటి ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. ఒకచోట నాలుగు నిలువు గాట్లు కనిపిస్తే నాన్న ముఖం వెలిగిపోయింది. ఏ దుంగ ఎక్కడికో తెలియడానికి ఆ కాలం వడ్రంగులు పెట్టుకున్న అంకెలు అవి. చట్రమంతా ముందు నేల మీద పరిచి అమర్చుకుని, గుర్తులు పెట్టి, విప్పి, తర్వాత అసలు చోట ఎత్తేవాళ్లు. నాలుగుకి రోమన్ పద్ధతిలో ఐదులోంచి ఒకటి తీయకుండా నాలుగు గీతలే గీసేవాళ్లు, తలకిందులుగా చూసినా తప్పు పోకుండా.

ఇక ముందు వైపు. దయచేసి లోపలికి పరుగెత్తకండి, ఓ ఇరవై అడుగులు వెనక్కి వచ్చి నిలబడండి. రెండు చివర్లా మేడ గదులున్నాయి, అవి కింది గోడ కంటే ముందుకు తోసుకొచ్చాయి. నడుమనున్న హాలు గోడ మాత్రం లోపలికి ఉండిపోయింది. కానీ మూడింటికీ కలిపి కప్పు ఒక్కటే, చూరు ఒకే గీతలో సాగింది. అంటే హాలు ముందు చూరు దూలానికి కింద గోడ లేదు, గాల్లో ఉంది! దానికి రెండు పక్కల నుంచీ వంపు తిరిగిన ఊతకర్రలు చేతుల్లా వచ్చి ఆనాయి. ఆ వంపు పుట్టుకతో వంగిన మానులో దొరికిన వంపే. ఆగ్నేయ ఇంగ్లండులోని వీల్డ్ ప్రాంతం పేరు మీద వీల్డెన్ ఇళ్లని పిలిచేది వీటినే, ఈ పోలికతోనే వీటిని గుర్తుపడతారు. నేను అక్కడే నిలబడి బరువు ఎటు నుంచి ఎటు దిగుతోందో వేలితో గీసుకుంటూ ఉండిపోయాను.

ఈ ఇల్లు ఒక్కసారిగా కట్టింది కాదు. కలపలోని వలయాలు లెక్కపెట్టి చూస్తే హాలూ, సామాన్ల గదుల వైపూ 1405-1430 నాటివని, రెండో చివర 1505-1510 నాటిదని తేలింది. వందేళ్ల తేడా. అయినా వచ్చి కలిసిన తీరు చూస్తే కొత్త వడ్రంగి పాత పనిని ఎంత గౌరవించాడో తెలుస్తుంది.

లోపల హాలు నేల నుంచి కప్పు దాకా ఖాళీ. నడిమధ్య నేల మీదే పొయ్యి, పొగగొట్టం లేదు. మేం వెళ్లినప్పుడు పొయ్యి వెలుగుతోంది. పొగ పైకి లేచి, వాసాల మధ్య కాసేపు తచ్చాడి, పెంకుల సందుల్లోంచి పోతోంది. మసిబారిన వాసాలు చూస్తేనే ఆ ఇంటి బతుకు అర్థమవుతుంది. తల ఎత్తితే అడ్డదూలం నడుమ నిలబడిన గుంజ, దాని నెత్తి నుంచి చేతుల్లా చాచుకున్న ఊతాలు. దూలం నట్టనడుమ బరువు పెట్టడం నా చదువు ప్రకారం చేయకూడని పని. అందుకే అంత లావు దూలం వేశారు, అదీ నడుమ కాస్త పైకి వంగింది.

కిటికీలకు అద్దాల్లేవు, నిలువు ఓక్ కమ్మీలు, చెక్క తలుపులు, అంతే. చలి గట్టిగానే ఉంది. కళ్లు మండాయి. ఇంట్లో అందమెంతో, కష్టమూ అంతే అని ఒంటికి తెలిసింది.

ఒక్క విషయంలో నాకూ నాన్నకీ మాట కలవలేదు. తర్వాతి తరాలవాళ్లు హాలుకి మధ్యలో అడ్డంగా అంతస్తు వేసి, పైన మేడ చేసుకుని, ఇటుక పొగగొట్టం కట్టుకున్నారు. ఇక్కడ నిలబెట్టినప్పుడు అవి తీసేసి, 1540 ప్రాంతంలో ఎలా ఉండేదో అలా తీర్చారు, సామాన్లూ ఆ కాలం నమూనాలతో చేయించినవే. చిమ్నీ కట్టుకున్నవాళ్లదీ ఈ ఇంటి చరిత్రే కదా అని నా బాధ. "ఆ చిమ్నీ ఉంటే నీకు ఆ గుంజ కనబడేదా?" అన్నారు నాన్న. నేనింకా ఒప్పుకోలేదు.

వెళ్లేవాళ్లకి: బయటి వెలుతురు నుంచి వచ్చాక కళ్లు అలవాటు పడటానికి ఐదు నిమిషాలు బెంచీ మీద కూర్చోండి. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద హాలు చూసినా చాలు. స్వెటర్ మరవద్దు. అక్కడ ఉండే వలంటీర్లను అతుకుల గురించి అడగండి, ఓపిగ్గా చెబుతారు. ఇదే మ్యూజియంలో కలప చట్రాల పని నేర్పే కోర్సులూ ఉన్నాయి. నాన్న ఆ కరపత్రం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.