స్క్రోల్ సా గిన్నెలకు ఏటవాలు రంధ్రాలు: బెంచ్ డ్రిల్ వాడి చూశాక

స్క్రోల్ సాతో (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కోసే రంపం) ఒకే పలకలోంచి ఒకదాని లోపల ఒకటిగా రింగులు కోసి, వాటిని పేర్చి అతికించి గిన్నెలు చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో రెండేళ్లకు పైగా ఈ ఒక్క పనికే ఎక్కువగా వాడుతున్న చిన్న బెంచ్ డ్రిల్ (బల్ల మీద నిలబెట్టి బిట్టును నిటారుగా దింపే డ్రిల్లు) గురించి. 13 మిల్లీమీటర్ల చక్ (బిట్టును పట్టుకునే భాగం), స్పీడ్ మార్చుకోవడానికి బెల్టు, 45 డిగ్రీల దాకా వాలే టేబుల్. ఇదే రకం రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, చూడటానికి అన్నీ దాదాపు ఒకటే. మెషిన్ మంచిదే, కొనొచ్చు. కానీ టేబుల్ కింద ఉండే డిగ్రీల స్కేలును మాత్రం నమ్మొద్దు.

ఎందుకంటే ఈ పనిలో అంతా వాలు మీదే ఆధారపడి ఉంటుంది. పలక మందం 18 మి.మీ., రింగు వెడల్పు 6 మి.మీ. అనుకోండి, పై రింగు అడుగు అంచు కింది రింగు పై అంచుతో కలవాలంటే కోత సుమారు 18.4 డిగ్రీలు వాలాలి (వెడల్పును మందంతో భాగిస్తే వచ్చేది ఆ కోణం టాన్ విలువ, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు). స్క్రోల్ సా టేబుల్‌ను అంత వాల్చడం నిమిషం పని. బ్లేడు దూర్చడానికి ముందు వేసే రంధ్రం కూడా అదే వాలులో దిగాలి, తంటా అంతా అక్కడే. ఒక్క డిగ్రీ తేడా ఉంటే పలక అడుగుకు వచ్చేసరికి రంధ్రం 0.35 మి.మీ. పక్కకు పోతుంది. ఇంతేనా అనిపిస్తుంది గానీ, 1.5 మి.మీ. రంధ్రంలో 9వ నంబరు బ్లేడు దూరాక పక్కలకు మిగిలే సందు అంతకంటే తక్కువ. బ్లేడు గోడకు ఒరుసుకుంటుంది, టెన్షన్ బిగించగానే వంగుతుంది, కోత గీత మీద కాకుండా పక్కన మొదలై రింగు లోపలి గోడ మీద ఒక గుబ్బ మిగులుతుంది. వంపు తిరిగిన ఆ లోపలి గోడను శాండ్‌పేపర్‌తో సాపు చేసినవాళ్లకు ఆ కష్టం తెలుసు.

నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇది. అసలు డిగ్రీలు ఎంతన్నది పెద్ద విషయం కాదు, రంపం వాలూ డ్రిల్లు వాలూ ఒకటే కావడం ముఖ్యం. అందుకని ముందు స్క్రోల్ సా టేబుల్‌ను వాల్చి బిగించేసి, దాని మీద ఒక పనికిరాని చెక్కముక్కను కోస్తాను. ఆ ముక్క అంచు కావలసిన వాలులోనే వస్తుంది కదా, దాన్ని డ్రిల్లు టేబుల్ మీద పెట్టి, చక్‌లో 6 మి.మీ. బిట్టు బిగించి, బిట్టు ఆ అంచుకు పై నుంచి కింది దాకా సందు లేకుండా ఆనేవరకు టేబుల్‌ను కొంచెం కొంచెం వాలుస్తాను. వెనక మొబైల్ లైటు పెడితే వెంట్రుకంత సందు కూడా కనిపిస్తుంది. సన్న బిట్టుతో ఇది చూడొద్దు, అది తానే వంగిపోతుంది. మ్యాగ్నెట్‌తో అంటుకునే డిజిటల్ యాంగిల్ గేజ్ కూడా ఉంది నా దగ్గర, వాలును తొందరగా దగ్గరికి తేవడానికే దాన్ని వాడతాను, చివరి మాట చెక్కముక్కదే.

వాలు కుదిరితే సగం పని అయినట్టే, మిగతా సగం దిక్కు. గిన్నె సెంటరు నుంచి రంధ్రం మీదుగా ఒక గీత గీసి, ఆ గీత టేబుల్ వాలు వెంట నేరుగా ఉండేలా, సెంటరు పల్లం వైపు ఉండేలా పలకను పెట్టాలి. టేబుల్ మీద కూడా మార్కర్‌తో ఒక గీత గీసి ఉంచుకున్నా, ప్రతిసారీ చూపుతో అంచనా వేసే పని లేదు. ఇటు స్క్రోల్ సా టేబుల్ ఎడమ వైపు కిందికి వాలి ఉంటే కోసేటప్పుడు గిన్నె సెంటరు ఎప్పుడూ బ్లేడుకు ఎడమ పక్కనే ఉండాలి.

బిట్ల సంగతి కొంచెం ఎక్కువే చెప్పాలి. మామూలుగా దొరికే 1.5 మి.మీ. బిట్టు మొత్తం పొడవు 40 మి.మీ., అందులో మెలికల భాగం 18 మాత్రమే. 18 మి.మీ. పలకలో ఏటవాలుగా దిగితే దారి దాదాపు 19 అవుతుంది, అంటే చివర్లో పొట్టు బయటికి వచ్చే తోవ ఉండదు, బిట్టు వేడెక్కి ఇరుక్కుని విరుగుతుంది. నాలుగైదు మిల్లీమీటర్లు దిగగానే పైకి తీసి, పొట్టు దులిపి మళ్లీ దింపాలి. ఆ ఓపిక లేకపోతే 2 మి.మీ. వాడండి, దాని మెలికలు 24 మి.మీ. ఉంటాయి, గాడి కొంచెం పెద్దదైనా శాండింగ్‌లో చాలావరకు పోతుంది. టేకు అయితే ఇంకో చిక్కు. గట్టి గీతా మెత్తటి గీతా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఏటవాలుగా వచ్చే బిట్టు మొన మెత్తటి వైపు జారుతుంది. సూది పంచ్‌తో బాగా లోతుగా గుచ్చుకోవాలి. పైగా టేకులో ఉండే సిలికా బిట్టు పదునును తినేస్తుంది, అందుకే రాణిగంజ్ వెళ్లినప్పుడల్లా సన్న బిట్లు గుప్పెడు తెచ్చి పెట్టుకుంటా. పలక కింద ఒక చెత్త ప్లైవుడ్ ముక్క తప్పనిసరి, లేకపోతే అడుగున పెచ్చు లేస్తుంది, టేబుల్ వాల్చాక మధ్య కన్నం బిట్టు కింద ఉండదు కాబట్టి బిట్టు ఇనుముకు కూడా తగులుతుంది.

మెషిన్ లోపాలు రెండు. టేబుల్ వాలును పట్టి ఉంచే బోల్టు కొత్తలో బాగానే పట్టింది, వాడగా వాడగా గట్టిగా నొక్కితే కాస్త జారడం మొదలైంది, పళ్ల వాషర్ వేశాక ఆగింది. రెండోది, చక్ 1.5 కంటే సన్నవాటిని పట్టదు, వాటికి చిన్న చక్ వేరే కొనాలి. కొనేముందు షాపులో ఒక సన్న బిట్టు బిగించి తిప్పి చూడండి, మొన గుండ్రంగా ఊగుతుంటే ఆ పీసు వద్దని చెప్పండి.

ఇన్‌లే (ఒక చెక్కలో ఇంకో చెక్క ముక్కను పొదిగే పని) మాత్రమే చేసేవాళ్లకు ఈ మెషిన్ అక్కర్లేదు. అక్కడ 6 మి.మీ. చెక్కకు 0.5 మి.మీ. వెడల్పు కోత అయితే వాలు దాదాపు 5 డిగ్రీలే, చేతితో తిప్పే పిన్ వైస్‌లో 1 మి.మీ. బిట్టు బిగించి, పక్కన అదే వాలులో కోసిన ముక్కను ఆనించుకుని దింపితే సరిపోతుంది.