డాబా మీద తెల్ల కోటింగ్: బెజవాడలో పై అంతస్తు వాళ్లు వేయించుకోవచ్చా?

సత్యనారాయణపురంలో పై అంతస్తు ఇల్లు మాది. ముందే చెప్పేస్తున్నా, కూల్ రూఫ్ కోటింగ్, అంటే ఎండని వెనక్కి కొట్టేలా డాబా మీద వేసే తెల్ల పూత, పనిచేస్తుంది, డబ్బు దండగ కాదు. కానీ ఇల్లు ఏసీ గదిలా అయిపోతుందని ఆశపడి వేయించుకుంటే మాత్రం నిరాశే.

బెజవాడ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది! పక్కనే కృష్ణ పారుతున్నా చుట్టూ కొండరాళ్లు, మధ్యలో సందు లేకుండా కాంక్రీటు, తారురోడ్లు. ఇవన్నీ పగలంతా వేడి పట్టి ఉంచుకుని రాత్రి మెల్లగా వదులుతాయి. అందుకే పొద్దుపోయాక ఊరి బయట పొలాల వైపు గాలి చల్లబడినా మన వీధుల్లో సెగ తగ్గదు. పై అంతస్తులో ఉండేవాళ్లకి ఇంకా నరకం, ఎందుకంటే మధ్యాహ్నం కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా గదిలోకి వేడి దింపుతూనే ఉంటుంది, ఫ్యాన్ వేస్తే ఆ వేడిగాలే మీదికొస్తుంది.

మామూలు కాంక్రీటు తన మీద పడ్డ ఎండలో చాలా భాగాన్ని లోపలికి పీల్చుకుంటుంది. మంచి తెల్ల కోటింగ్ కొత్తలో 80 శాతం దాకా వెనక్కి కొట్టేస్తుంది. మా ఇంట్లో తేడా తెలిసింది రాత్రిపూటే. ఇదివరకు మే నెలలో రాత్రి పది దాటాక మంచమెక్కి సీలింగు మీద చెయ్యి పెడితే చుర్రుమనేది, ఇప్పుడు గోడను ముట్టుకున్నట్టే ఉంటోంది. థర్మామీటరులో తగ్గింది రెండు మూడు డిగ్రీలే. అయినా ఒంటికి అంతకంటే ఎక్కువ హాయిగా ఉంది, ఎందుకంటే మనకి తగిలేది గాలి వేడి ఒక్కటే కాదు, నెత్తిమీద శ్లాబు నుంచి నేరుగా దిగే సెగ కూడా. అమ్మ హాల్లో కింద చాప వేసుకుని పడుకోవడం మానేసి మళ్లీ తన గదిలోకి వెళ్లింది, నాకు అది చాలు.

ఉక్కపోతకి మాత్రం ఇది మందు కాదు. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, దానికి కిటికీలు తీసి గాలి ఆడేలా చూసుకోవాల్సిందే.

ఇక పనివాళ్ల సంగతి. మేం పిలిచిన వాళ్లు డాబా సరిగ్గా కడగకుండానే ప్రైమర్ కొట్టబోయారు, నాచు గీకించి, పగుళ్లు పూడ్పించడానికి గొడవపడాల్సి వచ్చింది. ట్యాంకు దిమ్మ పక్కన తడి ఆరకముందే రోలర్ తిప్పేశారు, ఆ మూల ఇప్పుడు అరచేయంత పెచ్చు లేచి కింద బూడిదరంగు సిమెంటు కనిపిస్తోంది. దగ్గరుండి చూసుకోండి. ఇంకో మోసం, మామూలు వాటర్‌ప్రూఫింగ్ రంగునే తెల్లగా ఉంది కదా అని కూల్ పెయింట్ అంటూ అంటగడుతున్నారు. ఎస్‌ఆర్‌ఐ (ఎండని వెనక్కి కొట్టి, పట్టిన వేడిని వదిలేసే గుణాన్ని కొలిచే అంకె) ఎంతో చెప్పే టెస్ట్ రిపోర్ట్ అడగండి. ఆ లెక్కలో ప్రామాణిక నలుపుకి 0, తెలుపుకి 100, కాబట్టి 100కి దగ్గర్లో ఉన్నదే తీసుకోండి. రిపోర్ట్ లేదంటే వేరే కొట్టు చూసుకోండి.

తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మన దగ్గరా అలాంటిది గట్టిగా అమలైతే బాగుంటుంది, ఒక్క డాబా తెల్లబడితే వీధి చల్లబడదు కదా.

దుమ్ము పేరుకుంటే పనితనం తగ్గిపోతుంది, అందుకే ఏటా ఎండలు ముదరకముందే డాబా కడగాలి. తడిగా ఉన్నప్పుడు జారుతుంది, పెద్దవాళ్లని ఎక్కనివ్వకండి. బేరం ఆడేటప్పుడే పిట్టగోడ లోపలి వైపు కూడా కలిపి మాట్లాడుకోండి, చాలామంది అది వదిలేసి తర్వాత విడిగా డబ్బులు అడుగుతారు.