మూడేళ్ళు వాడాక రాస్తున్నా: యోగా మ్యాట్, బ్యాండ్లు, నా 20 నిమిషాలు

కొన్న వారానికే రాసే రివ్యూలు చదివి మోసపోయిన అనుభవం ఉంది కాబట్టి, నేను బాగా వాడాకే రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. వస్తువులు రెండే, ఒక యోగా మ్యాట్, ఐదు లూప్ బ్యాండ్ల (సాగదీస్తూ వ్యాయామం చేసే గుండ్రటి రబ్బరు పట్టీలు) సెట్టు. మా చిన్నదానికి ఎనిమిది నెలలప్పుడు కొన్నాను, ఇప్పుడు దానికి నాలుగేళ్ళు నిండబోతున్నాయి.

మ్యాట్ 6 మిల్లీమీటర్ల మందం. అంతకుముందు ఇంట్లో పడున్న సన్నటి దాని మీద మోకాళ్ళు ఆనిస్తే ఎముక నేలకి తగిలినట్టు నొప్పి పుట్టేది, దీంతో ఆ బాధ లేదు. అలాగని మరీ మందంగా, మెత్తగా ఉన్నవి తీసుకుంటే ఒంటికాలి మీద నిలబడేటప్పుడు పాదం ఊగుతుంది. మొదట్లో రబ్బరు వాసన బాగా వచ్చింది, పది రోజులు గాలికి ఆరేస్తే పోయింది. తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి, ఎండలో వెయ్యొద్దు.

బ్యాండ్ల దగ్గరే నాకు దెబ్బ తగిలింది. ఏడాదిన్నర అయ్యాక ఒకదాని అంచున వెంట్రుకంత సన్నగా తెల్లటి గీతలు కనిపించాయి, పట్టించుకోలేదు. మోకాళ్ళ పైన వేసుకుని పక్కకి అడుగులు వేస్తుంటే టప్పుమని తెగి తొడ మీద వాత తేలింది. అదే పిల్ల పక్కన నిలబడి ఉంటే ఏమయ్యేదో! అవి లేటెక్స్‌వి, అంటే సహజ రబ్బరువి, ఎండకీ వేడికీ పెళుసెక్కుతాయి. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఒక్కోటీ వెలుతురులో సాగదీసి చూస్తున్నాను, గీత కనిపిస్తే చెత్తబుట్టలోకే. రంగు చూసి బిగువు అంచనా వేయకండి, ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీ ఎరుపు ఒక్కటి కాదు. లేటెక్స్ పడనివాళ్ళు అసలు ముట్టుకోవద్దు.

ఇంకో మాట, ఇది కాన్పు అయినవాళ్ళ కోసం. నేను పొట్ట తగ్గాలని వెంటనే క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపే వ్యాయామం) మొదలుపెట్టాను. తల పైకి లేపినప్పుడల్లా పొట్ట మధ్యలో గట్టులా ఉబ్బేది. ఫిజియోథెరపిస్ట్ వేళ్ళు పెట్టి చూసి, కండరాలు రెండు పక్కలకీ విడిపోయి ఉన్నాయి, క్రంచెస్ ఆపెయ్యమన్నారు. బదులుగా శ్వాస వ్యాయామం, పడుకుని మడమ మెల్లగా జరపడం, నడుము పైకెత్తే బ్రిడ్జ్ చేయించారు. తుమ్మినా దగ్గినా మూత్రం పడే సమస్య కూడా ఉండేది, ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. దానికి కెగెల్స్ నేర్పారు: మూత్రం ఆపుకున్నట్టు బిగించి, ఐదు సెకన్లు ఉంచి, పూర్తిగా వదలడం, పదిసార్లు, రోజుకి మూడు విడతలు. నిజంగా మూత్రానికి వెళ్ళినప్పుడు మాత్రం చెయ్యకూడదు. నాకు తేడా తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. మీకూ ఉంటే దయచేసి సిగ్గుపడి దాచుకోకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మొదటి ఆరు నెలలు ఈ వ్యాయామం నేను దొంగతనంగా చేశాను. చిన్నది పడుకోగానే గది తలుపు చేరేసి, శబ్దం రాకుండా మ్యాట్ పరిచి, చెవి మాత్రం తలుపు దగ్గరే పెట్టి. ఏడుపు వినిపించినట్టు అనిపిస్తే ఆపేసి పరుగెత్తేదాన్ని, తీరా చూస్తే హాయిగా నిద్రపోతూ ఉండేది. ఒకరోజు మా పెద్దవాడు తలుపు బయట నుంచి "అమ్మా, లోపల ఏం చేస్తున్నావ్?" అంటే "ఏం లేదు నాన్నా" అనేశాను. ఎందుకు అబద్ధం చెప్పాను? చెమట పట్టి ఉన్నాను, ఒంటికి మంచి పని చేస్తున్నాను, అయినా వాడికి చెప్పలేకపోయాను. ఆ రాత్రంతా అదే ఆలోచన.

మర్నాడు మ్యాట్ తెచ్చి హాల్లో నడుమ పరిచాను. ఉదయం ఆరున్నర నుంచి ఆరు యాభై దాకా నన్ను పిలవద్దని అందరికీ చెప్పాను. మొదటి వారం మా ఆయన నిమిషానికోసారి ఏదో ఒకటి అడిగేవారు, టవల్ ఎక్కడ, పాలసీసా మూత ఎక్కడ అని. మొదట్లో చెప్పేదాన్ని, తర్వాత "వెతకండి, దొరుకుతుంది" అనడం నేర్చుకున్నాను. దొరికేది కూడా. సాయంత్రం ఆయన నడకకి వెళ్ళినప్పుడు పిల్లల్ని నేను చూసుకుంటాను. ఆయన నాకు చేస్తున్న సాయం కింద కాకుండా ఇద్దరి వంతుల లెక్కగా మారాకే తప్పు చేస్తున్నానన్న భావన సగానికి సగం తగ్గింది.

ఇంకో ఊరట ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చదివాక వచ్చింది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా కదలాలి, కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలి అంటారు. బాలింతలకి కూడా, డాక్టర్ వద్దనకపోతే, వారానికి కనీసం 150 నిమిషాలు చెప్పారు. అంతకన్నా నాకు ముఖ్యమైంది, ఒకేసారి కనీసం 10 నిమిషాలు చేస్తేనే లెక్క అన్న పాత నియమం 2020లో తీసేశారు. అరగంట దొరకలేదని వదిలేసిన రోజులు ఎన్నో! ఇప్పుడు ఏడు నిమిషాలు దొరికినా చేస్తాను. వారంలో మూడు రోజులు బ్యాండ్లు, మిగతా రోజులు వేగంగా నడక.

అన్నిటికన్నా కష్టమైంది వ్యాయామం అయ్యాక మ్యాట్ మీద ఊరికే పడుకోవడం. వ్యాయామానికి ఒక సాకు ఉంటుంది, "నేను బాగుంటేనే కదా పిల్లల్ని చూసుకోగలను" అని. అందరికీ అదే చెప్పేదాన్ని. చెప్పి చెప్పి ఒకరోజు అనిపించింది, ఆ మాటతో నా 20 నిమిషాలు కూడా పిల్లల ఖాతాలోనే రాస్తున్నానని. నాకు ఇష్టం కాబట్టి చేస్తున్నాను అనడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు చివరి ఐదు నిమిషాలు ఏమీ చెయ్యకుండా కళ్ళు మూసుకుని పడుకుంటాను, చిన్నది వచ్చి పక్కన పడుకుంటే పడుకోనిస్తాను, లెమ్మంటే మాత్రం "ఇంకా అవ్వలేదమ్మా" అంటాను. పిల్లలకి జ్వరం వచ్చిన రోజు మ్యాట్ పరచను. అది నా నిర్ణయం, ఆ రోజు పోయిందని బాధ ఉండదు.

మ్యాట్ ఒక మూల అరిగిపోయింది, మోకాలు ఆనించే చోట. ఇంకో ఏడాది వస్తుందనుకుంటున్నాను. కాళ్ళకి మాత్రం ఈసారి గుడ్డతో చేసిన బ్యాండ్లే తీసుకున్నాను, పైకి చుట్టుకుపోవు, చర్మం లాగదు.