ట్రౌట్ కోసం మళ్లీ నది దగ్గరికి: నా 5 వెయిట్ ఫ్లై రాడ్ గురించి

తొమ్మిది అడుగుల పొడవు, నాలుగు ముక్కలు, 5 వెయిట్ (లైన్, అంటే విసిరే దారం, బరువును చెప్పే అంకె), మీడియం ఫాస్ట్ యాక్షన్ (మరీ మెత్తగానూ కాదు, మరీ బిర్రుగానూ కాదు). కొన్ని సీజన్లుగా నేను వాడుతున్న కార్బన్ ఫైబర్ ఫ్లై రాడ్ ఇది, అంటే ఫ్లై అనే పురుగులాంటి నకిలీ ఎరను విసిరే గాలం కర్ర. కుర్రతనంలో గోదావరి కాలవ గట్ల మీద వెదురు కర్ర, బెండు, వానపాముతో జెల్లలు, మట్టగిడసలు పట్టినవాణ్ణి. బెంగళూరు వచ్చి ఉద్యోగంలో పడ్డాక చాలా ఏళ్లు గాలం ముట్టలేదు. మళ్లీ మొదలుపెడదామనుకున్నప్పుడు మనసు చల్లటి కొండ నదుల్లో ఉండే ట్రౌట్ చేప మీదికి పోయింది.

కావేరి ఇక్కడికి దగ్గరే. కానీ కావేరీ వన్యప్రాణి అభయారణ్యంలో గాలం వేట ఆపేశారు. మూపురం ఉండే మహసీర్ చేప అంతరించిపోయే దశలో ఉంది కాబట్టి అది సరైన పనే అంటాను. నీలగిరుల్లో అవలాంచి ట్రౌట్ హేచరీ (చేపపిల్లల్ని పెంచే కేంద్రం) 1907 నాటిది, అయితే అటు ముకుర్తి నేషనల్ పార్కు ఉంది, ఎక్కడపడితే అక్కడ రాడ్ తీయడానికి లేదు. అందుకే నేను హిమాచల్‌లోని తీర్థన్ నదికి వెళ్తాను. ఢిల్లీ దాకా విమానం, అక్కణ్ణుంచి మనాలి వైపు వెళ్లే రాత్రి బస్సు, ఔట్ అనే ఊళ్లో దిగి బంజార్ మీదుగా నది ఒడ్డునున్న గుషైనీ. ఇంత ప్రయాణం ఉంది కాబట్టే నాలుగు ముక్కల రాడ్ తీసుకోమంటాను. విప్పితే ఒక్కో ముక్క రెండున్నర అడుగులు కూడా ఉండదు, ట్యూబ్‌లో పెట్టి బ్యాగు పక్కన కట్టేసుకోవచ్చు. రెండు ముక్కలదైతే బస్సులో దాన్ని కాపాడుకోవడమే పెద్ద టెన్షన్.

ఇక అసలు విషయం. రాడ్ కన్నా లైన్ ముఖ్యం. మన మామూలు గాలంలో సీసం గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి ఆ బరువు లేదు, ఈకలూ దారమూ చుట్టిన చిన్న కొక్కెం అంతే. ఇక్కడ లైన్ బరువే ఫ్లైని మోసుకెళ్లాలి. 5 వెయిట్ లైన్ అంటే దాని మొదటి ముప్పై అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగాలి. రాడ్ ఆ బరువుకే వంగేలా తయారవుతుంది. నా కిట్‌తో పాటు వచ్చిన లైన్ రీలు మీద చుట్టినట్టే చుట్లు చుట్లుగా ఉండిపోయేది, కొస నీళ్లలో మునిగేది. మంచి వెయిట్ ఫార్వర్డ్ ఫ్లోటింగ్ లైన్ (బరువు ముందు భాగంలో ఉండి నీటి మీద తేలేది) వేశాక అదే రాడ్ కొత్తదానిలా పనిచేసింది. డబ్బు తక్కువైతే రాడ్‌లో తగ్గించండి, లైన్‌లో వద్దు.

విసరడం బెంగళూరులోనే నేర్చుకోవచ్చు. మా అపార్ట్‌మెంట్ వెనక గడ్డిలో, కొక్కేనికి బదులు లీడర్ (లైన్ కొసకు కట్టే సన్నటి దారం) చివర ఉన్ని ముక్క కట్టి, పొద్దున్నే సాధన చేసేవాణ్ణి. వెనక్కి విసిరిన లైన్ పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు తేవాలి. మీడియం ఫాస్ట్ రాడ్‌లో ఆ సాగడం పిడికిట్లో తెలుస్తుంది. మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు మరీ బిర్రుగా ఉండే ఫాస్ట్ రాడ్ వద్దనేది అందుకే.

నదిలో ఈ తొమ్మిది అడుగుల పొడవు ఎంత ఉపయోగమో చెప్పాలి. తీర్థన్ నిండా బండరాళ్లు, వాటి మధ్య సుళ్లు. ట్రౌట్ రాయి వెనక నెమ్మది నీళ్లలో నిలబడి, పక్కన పరుగెత్తే నీటిలో కొట్టుకొచ్చే పురుగును అందుకుంటుంది. లైన్ ఆ వేగం నీటి మీద పడిందా, ఫ్లైని ఈడ్చేస్తుంది, చేప నమ్మదు. రాడ్ ఎత్తి పట్టుకుని లైన్‌ను నీటికి తగలకుండా ఉంచితే, టంగ్‌స్టన్ పూస బరువుతో మునిగే నింఫ్ (నీటి పురుగు పిల్లలా కట్టిన ఫ్లై) తనంతట తాను కొట్టుకుపోతుంది. ఇరవై అడుగుల దూరం చాలు. చేప ఫ్లైని నోట పట్టినప్పుడు లాగినట్టు ఉండదు, లైన్ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం కంటపడిన ప్రతిసారీ నాకు ఒళ్లు జల్లుమంటుంది. గట్టున చెట్లు కమ్మిన చోట మాత్రం ఈ పొడవు ఇబ్బందే. చిన్న వాగులకే వెళ్లేవాళ్లకు ఎనిమిదడుగుల 4 వెయిట్ మేలు. మధ్యాహ్నం లోయలో గాలి లేస్తుంది కాబట్టి నేను కాస్త బరువైన 5 వెయిట్‌తోనే ఉన్నాను.

5ఎక్స్ టిప్పెట్, అంటే లీడర్ కొసన ఫ్లైని కట్టే 0.15 మిల్లీమీటర్ల దారం, ఇక్కడి చేపలకు సరిపోయింది. పట్టిన చేపను వదిలేస్తాను కాబట్టి, కొక్కెం కొసన వెనక్కి తిరిగిన ముల్లును ప్లయర్స్‌తో నొక్కేస్తాను. బ్రౌన్ ట్రౌట్ పక్కల మీద ఎర్రటి చుక్కలు, ఒక్కోదాని చుట్టూ పాలిపోయిన వలయం. చెయ్యి తడుపుకోకుండా దాన్ని ముట్టుకోవద్దు, పొడి చేతికి ఒంటి మీది జిగురు ఊడి వస్తుంది, ఆ జిగురే దానికి రక్ష. రబ్బరు వలలోనే ఉంచి, తల ఎగువకు తిప్పి పట్టుకుంటే కాసేపటికి తోక ఆడించి వెళ్లిపోతుంది.

మన్నిక విషయంలో పెద్ద ఫిర్యాదు లేదు. ముక్కలు కలిసే చోట్ల అరిగి, విసురుతుంటే తిరిగిపోవడం మొదలైంది. కొవ్వొత్తి మైనం సన్నగా రుద్దితే ఆగింది. కార్క్ పిడికి బెంగళూరు వానాకాలంలో బూజు పట్టింది కాబట్టి, బాగా ఆరాకే ట్యూబ్‌లో పెట్టాలి. రీలు గురించి ఎక్కువ ఆలోచించకండి, ఈ సైజు చేపలకు అది లైన్ చుట్టుకునే చోటు మాత్రమే. ఆ మిగిలిన డబ్బుతో ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని లాంటి గుడ్డ) అడుగున్న బూట్లు కొనండి. పాచి పట్టిన రాళ్ల మీద మామూలు రబ్బరు బూట్లు అస్సలు ఆగవు. ఉరుములు మొదలైతే రాడ్ కింద పెట్టి దూరంగా వెళ్లండి, కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా హిమాచల్‌లో ట్రౌట్ వేట మూత, చలికాలం బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే సమయం. కొనేవాళ్లు ఆ నెలల్లో కొని, గడ్డి మీద చెయ్యి తిప్పుకోండి. మార్చిలో పర్మిట్ దొరుకుతుంది గానీ నీళ్లు బాగా చల్లగా ఉండి చేప కదలదు. నేను ఏప్రిల్ దాకా ఆగుతాను, అదీ పొద్దుటి పూటే, ఎండెక్కాక మంచు కరిగి నీళ్లు పెరిగి మసకబారతాయి.