తిరుపతి–చిత్తూరు హైవే: 80లో పోదామా, 100లోనా?

కాణిపాకం బయల్దేరిన ప్రతిసారీ మా ఇంట్లో ఇదే గొడవ. నాకు 80 చాలు, తమ్ముడికి 100 పడాల్సిందే.

టైము: 60 కిలోమీటర్లు నికరంగా దొరికితే 80లో 45 నిమిషాలు, 100లో 36. మిగిలేది తొమ్మిది నిమిషాలు. ఒక టీకే సరిపోతాయి.

డీజిల్: 100లో గాలి బాగా అడ్డుకుంటుంది, బండి ఎక్కువ తాగుతుంది.

శ్రమ: 80లో లారీల వెనక ఓపిక పట్టాలి. 100లో అద్దాలు చూసుకుంటూ లేన్లు మారడమే పని.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. బ్రేకు మీద కాలు పడేలోపు, ఒక్క సెకనులో, 80లో బండి 22 మీటర్లు పోతుంది, 100లో 28. గుద్దితే దెబ్బలో ఉండే శక్తి ఒకటిన్నర రెట్లు పైనే. పోయిన జూన్‌లో రాత్రి తిరిగొస్తుంటే పూతలపట్టు దాటాక తోతాపురి లోడు ట్రాక్టరు, వెనక లైటే లేదు. మాకు కనబడింది కాయల మీద కప్పిన నీలం పట్టా మెరుపు మాత్రమే. తమ్ముడే నడుపుతున్నాడు. చంద్రగిరి దాకా నోరెత్తలేదు!

పగటిపూట, రోడ్డు ఖాళీ, టైర్లు బాగున్నాయి, బోర్డు ఒప్పుకుంటోంది: 100 సరే. చీకటి, వాన, మామిడి సీజను: 80 కూడా ఎక్కువే కావచ్చు. వెనక సీట్లో అమ్మ ఉంటే స్పీడు ఆమే చెప్తుంది.